చేయి ఎత్తినాం, ఇప్పుడు దించుతున్నాం



పోయిన ఆదివారం మీటింగులో ఒక తీర్మానం చేసినాం. సంక్రాంతి నాడు మన చెరువులో పదివేల చేపపిల్లల్ని వదలాలని. పిల్లల చేతుల మీదుగా వదిలించాలని, ఫోటోలు తీయాలని, వదిలిన వాళ్ళందరికీ చెరకు గడ ఇవ్వాలని కూడా అనుకున్నాం. చేపపిల్లల ఖర్చు మొత్తం తానే పెట్టుకుంటానని ఒక పెద్దాయన ముందుకొచ్చినాడు. చప్పట్లు కొట్టినాం. "ఒప్పుకునే వాళ్ళు చేయి ఎత్తండి" అంటే అందరం ఎత్తినాం. మేము నలుగురం కూడా ఎత్తినాం.

ఇంటికొచ్చినంక నిద్ర పట్టలేదు. ఎత్తిన చేయి ఇప్పుడు దించుకుంటున్నాం. ఎందుకో చెప్పకుండా దించితే మర్యాద కాదు కాబట్టి ఇంత పొడుగు రాస్తున్నాం. ఓపికగా చదవండి. మధ్యలో కాఫీ తాగి రండి, ఏం ఫరవాలేదు.

మేమంటే ఎవరో మీకు తెలుసు. ఆదివారం పొద్దున్నే గాలాలు పట్టుకుని చెరువు కట్ట మీద కూర్చునే నలుగురం. ఇద్దరం పని నుంచి రిటైరయినోళ్ళం. ఒకడిది టమాటా, రోజాపూల సేద్యం. ఇంకొకడు సిప్‌కాట్‌లో షిఫ్టు దిగి నేరుగా చెరువుకు వచ్చేవాడు. "నాలుగు గంటలు కూర్చుని నాలుగు పరిగెలు పట్టుకొస్తారు, కూరకు కూడా చాలవు" అని మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు నవ్వుతారు. నిజమే. ఈ మధ్య ఆ నాలుగు కూడా తీసుకుపోవడం లేదు. పట్టి, చూసి, నీళ్ళల్లోకి వదిలేస్తున్నాం. దాని వెనుక ఒక కథ ఉంది.

మేము పిల్లలుగా ఉన్నప్పుడు గాలం అంటే ఒక వెదురు కర్ర, ఇంత దారం, జొన్నబెండు ముక్క, సంతలో కొన్న కొక్కెం. ఎరకు వానపాములు, లేదంటే అవ్వ కళ్ళు గప్పి తెచ్చిన రాగి సంగటి ముద్ద. పెన్నేరు అప్పుడు ఏడాదంతా పారేది కాదు, కానీ పారినప్పుడు అడుగున ఇసుక కనిపించేది. ఎండాకాలంలో చెలమ తీసి ఆ నీళ్ళే తాగేవాళ్ళం. నంది కొండల దగ్గర పుట్టి, హొసకోట మీదుగా మన వైపు వచ్చే ఏరు అది. పుస్తకాల్లో దక్షిణ పినాకిని అంటారు, తమిళంలో తెన్‌పెణ్ణై అంటారు, మనకు మాత్రం పెన్నేరే. మనల్ని దాటి కృష్ణగిరి ఆనకట్ట, సాత్తనూరు ఆనకట్ట చూసుకుని కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ఇప్పుడు అదే ఏటి మీద కెలవరపల్లి ఆనకట్ట గేట్లు తీస్తే ఏమవుతుందో మీరందరూ చూసినారు. తెల్లగా నురగ. మంచు కురిసిందా అనిపించేంత నురగ. రోడ్డు మీదికి ఎగిరి వచ్చి బండ్లకు అడ్డం పడేంత నురగ. బెంగళూరు మురుగు బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా ఈ ఏట్లోకి చేరుతుంది. సబ్బుల్లో ఉండే రసాయనం నీళ్ళల్లో పేరుకుని, పైనుంచి దూకినప్పుడు నురగ కడుతుంది. మన పిల్లలు దాన్ని వెనక పెట్టుకుని సెల్ఫీలు తీసుకున్నారు. మేము కూడా మనవళ్ళను తీసుకుపోయి చూపించినాం, ఏదో తిరనాళ్ళ లాగా. తర్వాత సిగ్గుపడినాం.

ఏటికి పోవడం మానుకుని చెరువు పట్టింది అప్పటి నుంచే.

మూడేళ్ళ కింద మాలో ఒకడు కొడుకును చూడడానికి అమెరికా పోయినాడు. మిషిగన్ రాష్ట్రం. మూడు వారాలు ఇంట్లో కూర్చుని విసుగెత్తితే, కొడుకు కారెక్కించి ఉత్తరానికి గ్రేలింగ్ అనే చిన్న ఊరికి తీసుకుపోయినాడు. అక్కడ ఆసేబుల్ అని ఒక ఏరు. మన పెన్నేరంత వెడల్పు కూడా ఉండదు. నీళ్ళు అద్దం. ఏటి మధ్యలో మోకాళ్ళ లోతు నీళ్ళల్లో మనుషులు నిలబడి, చేతిలో సన్నటి కర్రతో, తల మీదుగా తాడును ముందుకీ వెనక్కీ ఊపుతున్నారు. మావాడు "ఏం పూజ అబ్బా ఇది?" అని అడిగినాడంట.

దాన్నే ఫ్లై ఫిషింగ్ అంటారు. మన గాలానికి బరువు కొసన ఉంటుంది, విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. వాళ్ళది తిరగబడి ఉంటుంది. కొసన ఉండేది ఈకలు, దారంతో కట్టిన దొంగ పురుగు, దానికి బరువే లేదు. బరువంతా తాడులో ఉంటుంది. తాడును ఊపి ఊపి వదిలితే ఆ పురుగు నిజం పురుగులా నీటి మీద వాలుతుంది. మనకు తొలకరి వాన పడిన సాయంత్రం ఉసిళ్ళు లేస్తాయి చూడండి, అప్పుడు చెరువులో చేపలు టప్ టప్ అని ఎగిరి మింగుతాయి. అదే సంగతి. ఆ ఉసిలి లాంటి దాన్ని మనిషి చేత్తో కట్టి చేపను నమ్మించడమే ఈ ఆట. వాళ్ళ ట్రౌట్ చేప ఇలాగే పైకి వచ్చి పురుగును అందుకుంటుంది.

ఇంకో మాట చెబితే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ దొంగ పురుగులు కట్టడానికి వందేళ్ళుగా ఇంగ్లండు వాళ్ళు ప్రాణం పెట్టిన ఈక మన అడవులదే. మన తళి, అంచెట్టి అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి పుంజు మెడ మీద మైనం బొట్లు పెట్టినట్టు మెరిసే ఈకలుంటాయి. అవి మూటలు మూటలుగా సీమకు పోయేవి. తర్వాత మన ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది కాబట్టి పుంజులు మిగిలినాయి.

సరే, ఆసేబుల్ దగ్గరికి వద్దాం. అక్కడ ఎనిమిది మైళ్ళకు పైగా ఏటిని "పవిత్ర జలాలు" అని పిలుచుకుంటారు. అందులో దొంగ పురుగుతో తప్ప ఇంక దేనితోనూ పట్టకూడదు. పట్టిన చేపను చంపకూడదు. 1959లో ఆ ఏటి ఒడ్డున ఒక ఇంట్లో కొంతమంది గాలం వాళ్ళు కూర్చుని ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంఘం పెట్టుకున్నారు. అప్పటికి సర్కారు వాళ్ళు తొట్టెల్లో పెంచిన చేపల్ని లారీల్లో తెచ్చి ఏట్లో కుమ్మరించేవాళ్ళు. జనం వచ్చి పట్టుకుపోయేవాళ్ళు. మళ్ళీ కుమ్మరింపు. ఈ సంఘం వాళ్ళు అడిగింది ఒకటే. లారీ చేపలు వద్దు, ఏటిని బాగు చేయండి, నీడనిచ్చే చెట్లు ఉండనీయండి, ఒడ్డు కోసుకుపోకుండా చూడండి, చేప తనంతట తాను పెరుగుతుంది అన్నారు. గాలం వాళ్ళే చేపలు పోయొద్దు అనడం విచిత్రంగా ఉంది కదా. ఆ సంఘం ఇప్పుడు దేశమంతా ఉంది.

మావాడు కథ చెబుతూ అసలు సంగతి ఆఖర్న చెప్పినాడు. గ్రేలింగ్ అనేది ఆ ఊరి పేరే కాదు, ఒక చేప పేరు. వీపు మీద నెమలి పురి లాంటి రెక్క ఉండే చేప. ఒకప్పుడు ఆసేబుల్ నిండా అదే ఉండేది కాబట్టి ఊరికి ఆ పేరు పెట్టుకున్నారు. చెట్లు నరికి, దుంగల్ని ఏట్లో తోసి, ఏటి అడుగును దున్నేసినారు. దొరికినన్ని పట్టి బండ్లకెత్తినారు. చేప తగ్గిందని బయటి నుంచి ట్రౌట్లు తెచ్చి వదిలినారు. ఆ ట్రౌట్లు మిగిలిన గ్రేలింగ్‌తో తిండికీ చోటుకూ పోటీ పడినాయి. 1930ల నాటికి మిషిగన్ మొత్తంలో ఆ చేప లేదు. ఊరి పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు అలాస్కా నుంచి గుడ్లు తెప్పించి మళ్ళీ పెంచాలని తంటాలు పడుతున్నారు.

అంటే వాళ్ళు ఇప్పుడు అంత భక్తిగా కాపాడుకునే ట్రౌట్ కూడా అక్కడికి ఒకనాడు వచ్చిన చుట్టమే.

"మనకు ట్రౌట్ లేదు కదా, మనకెందుకీ గోల" అంటారేమో. మత్తిగిరిలో ట్రౌట్ లేదు, ఉండదు కూడా. దానికి చల్లటి నీళ్ళు కావాలి, ఇరవై డిగ్రీలు దాటితే ఆయాసపడుతుంది. మన చుట్టూ తొమ్మిది వందల మీటర్ల ఎత్తే. తళిని తెల్లదొరలు చిన్న ఇంగ్లండు అని ముద్దుగా పిలుచుకున్నా, ట్రౌట్‌కు ఆ చలి చాలదు. నీలగిరుల్లో రెండువేల మీటర్ల మీద మాత్రం కుదిరింది. 1860ల్లో ఫ్రాన్సిస్ డే అనే దొర సీమ నుంచి ట్రౌట్ తేవాలని చూసి ఓడిపోయినాడు. తర్వాత విల్సన్ అనే ఆయన పట్టుబట్టి రెయిన్‌బో ట్రౌట్‌ను నిలబెట్టినాడు. 1907లో అవలాంచిలో హేచరీ పెట్టినారు, ఊటీ పోయినప్పుడు మీలో కొందరు చూసే ఉంటారు. తెల్లదొర తన ఊరిని మరిచిపోలేక తన చేపను వెంట తెచ్చుకున్నాడు. మన వాళ్ళు డల్లాస్ పోయి మునగచెట్టు నాటుకుంటున్నారు కదా, అలాంటిదే. కాకపోతే మునగచెట్టు కాళ్ళొచ్చి పక్క పెరట్లోకి నడవదు.

ఆటను తెల్లదొరలే నేర్పినారని కూడా అనుకోవద్దు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. చేపల రకాలు, వాటికి వేసే తిండి, గాలంతో పట్టే తీరు అన్నీ చెప్పినాడు. తొమ్మిది వందల ఏండ్ల కింద మన దక్కను రాజు కూడా మాలాగే కట్ట మీద కూర్చున్నాడు.

మనకు ట్రౌట్ కంటే గొప్ప చేప ఉంది. మన జిల్లా గడప దగ్గరే ఉంది. కావేరి.

అంచెట్టి దాటి అడవిలోకి దిగితే కావేరి వస్తుంది. ఒక ఒడ్డు మన కృష్ణగిరి జిల్లా, అవతలి ఒడ్డు కర్ణాటక. నీళ్ళ తగాదాలో పేపర్లలో రోజూ కనిపించే బిలిగుండ్లు అక్కడే. 2018లో సుప్రీంకోర్టు తమిళనాడుకు 177.25 టీఎంసీలు అన్నది అక్కడ కొలిచే నీళ్ళనే. రెండు రాష్ట్రాలూ ఆ నీళ్ళను చుక్క చుక్క లెక్కబెడతాయి. ఆ నీళ్ళల్లో ఉండే చేపను చాలా కాలం ఎవరూ లెక్కబెట్టలేదు.

ఆ చేప మహసీర్. అందులోనూ గూని మహసీర్. మూపురం ఉన్న ఎద్దు మాదిరి తల వెనకాల గూని లేస్తుంది. లోకం మొత్తంలో కావేరిలోనూ దాని ఉపనదుల్లోనూ తప్ప ఇంకెక్కడా పుట్టదు. 1946లో కబినిలో వాన్ ఇంగెన్ అనే ఆయన గాలానికి పడింది 120 పౌండ్లు తూగింది. అంటే 54 కిలోలు. మన ఇళ్ళల్లో కొంతమంది పెద్దమనుషుల బరువు. దాన్ని పట్టడానికి వేసే ఎర ఏమిటో తెలుసా? రాగి ముద్ద. మన అవ్వలు చేసే సంగటే. దాని కోసం విమానాలెక్కి వచ్చిన దొరలు మన రాగి పిండిని ఉడకబెట్టి ఉండలు చేసుకుని గాలానికి గుచ్చినారు.

బెంగళూరులో 1972లో పుట్టిన వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా అనే గాలం వాళ్ళ సంఘం కావేరిలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని కాపాడింది. గాలిబోరె, భీమేశ్వరి, దొడ్డమాకలి దగ్గర క్యాంపులు వెలిసినాయి. అప్పటిదాకా తూటాలు పేల్చి చేపలు పట్టిన వాళ్ళనే కొందరిని కాపలాకు, దారి చూపడానికి పెట్టుకున్నారు. పట్టు, తూచు, వదిలేయ్. ఇదే పద్ధతి. తూటా వేటను 1897 నాటి చట్టమే నిషేధించింది, కానీ చట్టం అడవిలోకి నడిచి పోదు కదా. నడిచింది ఈ మనుషులు.

ఇక్కడిదాకా అంతా మంచి కథే. ఇప్పుడు మాకు నిద్ర పట్టకుండా చేసిన ముక్క చెబుతాం.

చేపలు తగ్గుతున్నాయని అందరికీ బాధ. బాధ ఉన్నోళ్ళు ఊరుకోరు, ఏదో ఒకటి చేస్తారు. లోనావాలాలోని హేచరీలో మహసీర్ పిల్లల్ని పుట్టించడం నేర్చుకున్నారు. చిన్న విద్య కాదది. ఆ పిల్లల్ని తెచ్చి కావేరిలో వదిలినారు. మహసీరే కదా, మహసీర్ ఏట్లో మహసీర్‌ను వదిలితే తప్పేముంది? కానీ అది నీలిరెక్కల మహసీర్, వేరే జాతి. చూడడానికి అక్కాచెల్లెళ్ళు. కావేరి దాని పుట్టిల్లు కాదు. వచ్చింది, బతికింది, పెరిగింది, ఏరంతా అదే అయింది. గాలం వాళ్ళకు చేతినిండా చేపలు. అందరికీ సంతోషం. మహసీర్ తిరిగి వచ్చింది అనుకున్నారు.

గాలిబోరె క్యాంపులో ఒక అలవాటు ఉండేది. ఏ రోజు ఎవరు ఏ చేప పట్టినారు, ఎంత బరువు, ఎంతసేపు కూర్చున్నారు అని నోటుబుక్కులో రాసిపెట్టేవాళ్ళు. 1998 నుంచి 2012 దాకా ఉన్న ఆ లెక్కల్ని పరిశోధకులు కూర్చుని విప్పి చూసినారు. 2015లో ఆ సంగతి బయటపడింది. నీలిరెక్కల చేప పెరుగుతూ పోయింది. గూని చేప తగ్గుతూ పోయింది. పెద్దవి ఎప్పుడో ఒకటి, చిన్నపిల్లలైతే దాదాపు కనిపించడమే లేదు. ఇంటినిండా జనం ఉన్నారని సంబరపడుతుంటే, ఆ ఇంటి బిడ్డే లేడని తెలిసినట్టు.

ఇంకా ఘోరం ఏమంటే అప్పటికి ఆ గూని చేపకు సరైన శాస్త్రీయ నామం కూడా ఖాయం కాలేదు. లోకమంతా ఫోటోలు దిగిన చేప. 2018లో తేల్చినారు, కేరళలోని పాంబార్‌లో దొరికిన చిన్న చేపలకు అంతకుముందే పెట్టిన టోర్ రెమదేవి అనే పేరే దీనిదీ అని. అదే ఏడాది అంతర్జాతీయ జాబితాలో అంతరించిపోయే అంచున ఉన్న జాతిగా చేర్చినారు. పులి ఉన్న మెట్టు కంటే ఒక మెట్టు కింద. పేరు దొరికింది, ఊపిరి ఆడని స్థితి అని కూడా అప్పుడే తెలిసింది. ఇప్పుడు మోయారు లాంటి కొద్ది చోట్ల మాత్రమే మిగిలి ఉంది.

తప్పంతా ఆ పిల్లల్ని వదిలిన వాళ్ళదే అనడం లేదు. ఆనకట్టలు, ఇసుక తవ్వకం, తూటాలు, మురుగు, అన్నీ కలిసి కొట్టినాయి. కానీ ప్రేమతో చేసిన పని కూడా ఆ దెబ్బల్లో ఒకటి అయింది. మాకు గుచ్చుకున్నది అది.

ఎందుకంటే అలాంటి పని మేము కూడా చేసినాం. ఇది మీలో చాలామందికి తెలియదు.

పదిహేనేళ్ళ కిందటి మాట. చెరువులో చేపలు తగ్గినాయని మేమే చందా వేసుకుని, ఒక టెంపోలో డ్రమ్ముల నిండా పిల్లల్ని తెప్పించి రాత్రిపూట వదిలినాం. అమ్మిన మనిషి "మీ ఊళ్ళ మార్పు చేపే, కాస్త తొందరగా పెరిగే రకం" అన్నాడు. నమ్మినాం. నిజానికి నమ్మాలని ఉండి నమ్మినాం. అది ఆఫ్రికా క్యాట్‌ఫిష్. 2000లోనే మన దేశంలో దాన్ని పెంచకూడదని నిషేధించినారు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆరు నెలల్లో చేయంత పొడుగు పెరిగినాయి. కూర వండి మీ ఇళ్ళకు కూడా పంపినాం. "మీ వల్ల చెరువు కళకళలాడుతోంది" అని మెచ్చుకున్నారు. గర్వపడినాం.

రెండు వానాకాలాలు గడిచినాయి. కట్ట పక్కన తుంగలో కొర్రమేను తన పిల్లల గుంపును కాచుకుంటూ తిరిగేది మీకు గుర్తుందా? ఎర్రటి చిన్న చిన్న పిల్లలు నీటి మీద బంతిలా కదిలేవి. చిన్నాయన వాటిని చూపించి "తల్లి ఉన్నప్పుడు గాలం వేయొద్దు రా" అనేవాడు. ఆ బంతి కనిపించడం మానేసింది. బొమ్మిడాయిలు పోయినాయి. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుని ఏడ్చిన పిల్లవాడిని చూసి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు గాలం వేస్తే జిలేబీ చేప, లేదంటే ఆ మీసాల రాక్షసి. జిలేబీ కూడా మనది కాదు, 1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా చేప.

చెరువు అలా కావడానికి మేమొక్కరమే కారణమా? చెప్పలేం. అదే ఏళ్ళల్లో కొత్త లేఅవుట్ల మురుగు కాలువలు రెండు చెరువులోకి తిరిగినాయి. మాకు నోటుబుక్కు లేదు, లెక్క లేదు. గాలిబోరె వాళ్ళకు తప్పు తెలుసుకునే దారైనా ఉంది. మాకు అదీ లేదు. ఉన్నది గుర్తులు మాత్రమే. గుర్తులు మనకు అనుకూలంగానే మాట్లాడతాయి.

ఈ మధ్య మాలో ఒకడు ఈ సంగతి ఎత్తితే చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత సేద్యం చేసేవాడు ఒక మాట అన్నాడు. మన మత్తిగిరి పశువుల ఫారం సంగతి. 1824లో గుర్రాల కోసం మొదలైన ఫారం అది. రెండు వందల ఏండ్లుగా అక్కడ ఎన్ని బయటి జాతులు వచ్చినాయి, ఎన్ని పోయినాయి! మన ఊరికి బయటి జాతి అంటే భయం లేదు. కానీ ఫారంలో కంచె ఉంది, చెవికి బిళ్ళ ఉంది, రిజిస్టరు ఉంది. ఆవు మనకు సరిపడకపోతే సంతకు తోలుకుపోతాం. "చెరువులో వదిలినదాన్ని ఏ సంతకు తోలుతావు బావా?" అన్నాడు. వానకు మరవ పారితే మన చెరువు చేప కింది చెరువుకు పోతుంది, అక్కడి నుంచి వాగుకు, వాగు నుంచి ఏటికి. మనం తీర్మానం చేసేది మన చెరువు గురించి ఒక్కటే కాదు. కింద ఉండే ఊళ్ళ వాళ్ళు చేయి ఎత్తలేదు.

సంఘంలో కొందరు ఏం అంటారో మాకు తెలుసు.

"మనం వదిలేది ఆఫ్రికా చేప కాదు, రోహు, మృగాల్. అందరూ తినేవే." నిజమే. పెద్ద ఆనకట్టల్లో వాటిని వదిలి పెంచడం మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి, ఆ పని తప్పని మేము అనడం లేదు. కానీ అవి గంగ వైపు చేపలు, మన పెన్నేటివి కావు. పైగా చిన్న చెరువు, మురుగు చేరే చెరువు. పదివేల పిల్లలకు అందులో ఊపిరి ఆడదు. ఎండాకాలం తెల్లవారుజామున నీళ్ళల్లో గాలి తగ్గి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలడం మనం చూడలేదా? సంక్రాంతికి పిల్లలు వదిలిన చేపల్ని మేనెలలో అదే పిల్లలు చచ్చి తేలినవిగా చూస్తారు.

"చేపపిల్లల్ని వదిలితే పుణ్యం." పుణ్యమే. శృంగేరిలో తుంగ ఒడ్డున మెట్ల దగ్గర చేపలకు మరమరాలు వేస్తాం, ఎవరూ వాటిని ముట్టరు. కావేరి మీద రామనాథపురలో కూడా అంతే. ఆ చేపలు బతికింది భక్తి వల్లే. కానీ అక్కడ పెద్దలు కొత్త చేపను తెచ్చి వదిలి పుణ్యం కట్టుకోలేదు. అక్కడ ఉన్నదాన్ని ముట్టుకోకుండా పుణ్యం కట్టుకున్నారు.

"దోమలకైనా మంచిది." దోమ పిల్లల్ని తినడానికి మన పరిగెలు చాలు, నీళ్ళు బాగుంటే.

"పెద్దాయన మనసు నొచ్చుకుంటుంది." ఇదొక్కటే మాకు కూడా కష్టంగా ఉన్నది. అందుకే దీన్ని ఇక్కడ పెట్టకముందే నిన్న సాయంత్రం నలుగురం ఆయన ఇంటికి పోయినాం. మేము పదిహేనేళ్ళ కింద చేసింది ముందు ఆయనకే చెప్పినాం. విని, చాలాసేపు ఊరుకుని, "అయితే ఆ కొర్రమేను పిల్లల బంతి నా మనవడు చూడనే చూడలేదన్నమాట" అన్నాడు. కోపంగా అనలేదు. మాకు అదే ఎక్కువ తగిలింది. "వద్దంటే వద్దు, మరి ఆ రోజు పిల్లలు ఏం చేస్తారు? పిలిచినాం కదా" అని అడిగినాడు. న్యాయమైన ప్రశ్న.

మా జవాబు ఇది. నచ్చితే కొత్త తీర్మానం చేద్దాం.

సంక్రాంతి నాడు పిల్లలు రానీ. చేపల్ని వదలడానికి కాదు, లెక్కబెట్టడానికి. చేతి వలలు నాలుగు, తెల్ల బకెట్లు నాలుగు తెద్దాం. కట్ట వెంట నాలుగు చోట్ల వల వేసి, ఏం పడితే అది బకెట్లో వేసి, పేరు తెలిస్తే పేరు, తెలియకపోతే బొమ్మ, నోటుబుక్కులో రాయిద్దాం. పేర్లు చెప్పడానికి మన ఇంటి పెద్దల్ని కూర్చోబెడదాం. మన అవ్వలకు తెలిసిన చేపల పేర్లు మన పిల్లలకు ఒక్కటీ తెలియవు. పరిగె, జెల్ల, ఇంగిలాయి, బొమ్మిడాయి. చేపతో పాటు మాట కూడా పోతోంది. తమిళం బడిలో నేర్చుకుంటారు, ఇంగ్లీషు ఎలాగూ వస్తుంది, ఈ పేర్లు మాత్రం మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. లెక్క అయినాక మన చేపను నీళ్ళల్లోకి, జిలేబీనీ మీసాల రాక్షసినీ కూర చట్టిలోకి. ఈ ఒక్క విషయంలో మాకు దయాదాక్షిణ్యాలు లేవు.

ప్రతి ఏడాదీ అదే రోజు అదే నాలుగు చోట్ల మళ్ళీ లెక్క. అయిదేళ్ళకు మన దగ్గర అయిదు పేజీలు ఉంటాయి. అప్పుడు ఎవరైనా ఏదైనా వదలాలి అంటే ఆ పేజీలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

చేపపిల్లలకు అనుకున్న డబ్బును, పెద్దాయన ఒప్పుకుంటే, ఆ రెండు మురుగు కాలువల పనికి మళ్ళిద్దాం. ముందు కార్పొరేషన్‌కు అర్జీ పెడదాం. సంఘం తరఫున అందరి సంతకాలతో పెడితే దానికి బరువు ఉంటుంది. కాలువలు పక్కకు మళ్ళే దాకా చెరువులో ఏ చేప వదిలినా బురదలో పూలు నాటినట్టే. ఇంకొక చిన్న కోరిక, కట్ట పక్కన ఉన్న తుంగను శుభ్రం పేరుతో మొత్తం పీకేయొద్దు. కొర్రమేను గూడు కట్టేది అందులోనే.

తిరిగి వస్తుందా అని అడగొద్దు. కింది చెరువులో ఇంకా ఉన్నాయని గొర్రెలు మేపే తాత చెప్పినాడు. మేము పోయి రెండు ఆదివారాలు కూర్చున్నాం, కనిపించలేదు. ఆయన మాత్రం ఉన్నాయనే అంటున్నాడు.

మాలో ఒకడు మిషిగన్ నుంచి ఒక పాత ఫ్లై కర్ర తెచ్చుకున్నాడని కూడా చెప్పాలి. ఇంట్లో కోడిపుంజు ఈకలతో పురుగులు కట్టి చెరువు మీద ఊపుతున్నాడు. మొదటి నెల చింతకొమ్మనూ, తన లుంగీనీ, ఒకసారి మా చెవినీ పట్టినాడు. ఇప్పుడు పరిగెలు పడుతున్నాయి. వేలెడు పరిగె ఆ ఈక పురుగును నమ్మి పైకి దూకినప్పుడు అరవై ఏండ్ల మనుషులం నలుగురం పిల్లల్లా అరుస్తున్నాం. నేర్చుకోవాలని ఉన్న పిల్లల్ని పంపండి. కొక్కేనికి ఉండే ముల్లు నొక్కేసి ఇస్తాం, చేపకు గాయం తక్కువ, మా చెవులకు కూడా.

వచ్చే ఆదివారం మీటింగులో ఈ విషయం మళ్ళీ పెట్టమని కార్యదర్శిని అడిగినాం, సరేనన్నాడు. వ్యతిరేకంగా మాట్లాడాలనుకునే వాళ్ళు తప్పకుండా రండి, మేము ఎక్కడైనా తప్పు చెప్పి ఉంటే దిద్దండి. మీటింగుకు ముందు, పొద్దున ఆరున్నరకు, చెరువు కట్ట మీద ఉంటాం. ఒక చేతి వల, బకెట్, కొత్త నోటుబుక్కు మేము తెస్తాం. టీ ఫ్లాస్కు మీలో ఎవరైనా తెండి.